పరికి కంప కాడ పెండ్లిచూపులు

పని లేకుండా నడిచేవాళ్ళను చూస్తే మా ధర్మవరంలో ఇప్పటికీ నవ్వుతారు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని పొద్దంతా తొక్కేవాళ్ళకు మళ్ళా నడక ఒకటా? అట్లాంటిది బత్తలపల్లె పక్క చిట్టడివిలో ఫారెస్టోళ్ళు నడిచేవాళ్ళ కోసమని ఒక దారి తీసినారు. మొదట్లో జింక బొమ్మేసిన బోర్డు, బండల మీద తెల్ల రంగుతో బాణం గుర్తులు. ఆ దారి ముండ్ల కంపల మధ్యన మెలికలు తిరిగి, గడ్డి బయలు దాటి, గుట్ట మీదికి పోతాది. ఆదివారమైతే టౌన్లోని డాక్టర్లు, మాస్టర్లు బూట్లేసుకొని వచ్చి, ఎక్కి, దిగి, ఇంటికి పోతారు. పైన ఏముండాదని మా అత్త ఒకసారి ఒకాయప్పను అడిగింది. "మంచి గాలమ్మా" అనినాడు. "గాలి మా మిద్దె మీద కూడా ఉండాది" అనింది ఆమె.

అదే దారిలో మా ఆడబిడ్డకు పెండ్లిచూపులు జరిగినాయంటే ఎవురూ నమ్మరు. నేను చూసినా కాబట్టి చెప్తాండా.

మా ఆయన చెల్లెలు పదో తరగతి అయినప్పటి నుంచీ మగ్గంలో కూర్చున్న పిల్ల. ఈమె నేసిన అంచును షావుకారు తిరగేసి మరగేసి చూసి, వంక దొరక్క, మాట్లాడకుండా మడిచి పెట్టుకుంటాడు. మాలో పాతకాలం లెక్క ఏందంటే, ఆడోళ్ళు రాట్నం తిప్పి కండెలు చుట్టాల, మగోళ్ళు నెయ్యాల. ఇప్పుడు నేసే ఆడోళ్ళు ఊర్లో శానామంది ఉండారు. అయినా కోడలు మగ్గంలో దిగుతాదంటే కొందరికి నామోషీ. రెండు సంబంధాలు అట్లనే పోయినాయి. పెండ్లయినాక కూడా నేస్తాను, సరేనా అని ఈమె అడగడం, పిల్లోడు నోరు తెరిచే లోపల వాళ్ళ నాయన "మా ఇంట్లో ఆ అలవాటు లేదమ్మా" అనడం.

మూడో సంబంధం వచ్చేసరికి చాప మీద కూర్చునేది లేదని మొండికేసింది. "ఆ అడివి దారిలో నాతో గుట్ట దాకా నడవమను వదినా. ఆడ వాని బదులు మాట్లాడేవాళ్ళు ఎవురూ ఉండరు. కాదంటాడా, దిగొచ్చేస్తా. మగ్గం వదిలి యాడికీ పోను నేను." నవ్వుతా చెప్పలేదు ఆ మాట. కండ్లు నిండినాయి.

నాకేమో ఇట్లాంటి తిక్క పనులంటే పండగ. మా ఆయన్ను, అత్తను ఒప్పించింది నేనే. కాకపోతే ఒకటి మర్చిపోయినా. పిల్ల, పిల్లకు తోడుగా నేను, ఆటో తోలేకి మా ఆయన. ముగ్గురం. మంచి పనికి ముగ్గురు పోతే అది అయ్యేదేనా? ఇంకేముంది, "నేనొస్తా" అని అత్త ఎర్రంచు పట్టుచీర తీసింది.

"ముండ్లలోకి పట్టుచీర ఏందత్తా?" అన్నా.

"పెండ్లిచూపులకు పాలిస్టరు కట్టుకోని పోతే నేతోళ్ళ పరువేం కావాల?" అనింది.

ఆడికి పోయి చూస్తే వాళ్ళదీ ఇదే కథ. పిల్లోడు ఒక్కడే రావాల్సింది. ఒక్కడే ఎట్లా పోతాడని వాళ్ళమ్మ, ఆమెకు తోడని వాళ్ళ నాయన, ముగ్గురైపోయినారని ఒక చిన్నాయన. ఆ చిన్నాయన పనల్లా నాలుగో మనిషి కావడమే. బోర్డు కింద తువ్వాల పరుచుకొని, ఆ పనిని నిద్రపోతానే చేసినాడు. పిల్లోని అమ్మ వంగపండు రంగు పట్టుచీరలో దిగింది, కొంగు నిండా జరీ. బూట్లేసుకొని దిగొస్తాండే ఒక మాస్టరు మా వాలకం చూసి, "పైన గుడేమన్నా కట్టినారా?" అని అడిగినాడు పాపం.

పిల్లా పిల్లోడూ ముందర నడవాల, మేము వెనక రావాల అని ఒప్పందం. నడిచినాము. దారి బాగుండాది, అబద్ధమెందుకు. మొన్నటి వానకు తంగేడు పూసి, గడ్డి మోకాటి దాకా లేచింది. కౌజు పిట్టలు కాళ్ళ కాడ నుంచి బుర్రుమని లేస్తాండాయి. దూరంగా జింకలు తలెత్తి చూసినాయి. "బాణం ఆ పక్కకు చూపిస్తాంటే మనం ఊరికే పోతాండాం, ఎవురు గీసినారో ఏమో" అని అత్త సణుగుతానే ఉండాది. ఆమె బాధ బాణం గురించి కాదు. ముందర పోతాండే ఇద్దరి మాటలు చెవిన పడలేదని.

ఒక పెద్ద కంప చుట్టూ దారి మలుపు తిరుగుతాది. వాళ్ళిద్దరూ ఆ మలుపులో మాయమయ్యేసరికి అత్త ఇంక ఆగలేకపోయింది. దారి వదిలి కంపలోకి దూరింది.

"అత్తా, అది పరికి కంప."

"నోర్ముయ్ మే, మన పిల్ల వాణ్ణి అడుగుతాండాది" అనింది.

నేనూ వెనకనే పోయినా. సగం దూరేసరికి ఇంకో తల కనిపించింది. పిల్లోని అమ్మ. ఆమె మాకంటే ముందే ఇంకో పక్క నుంచి దూరింది. పరికి ముల్లు కొక్కెం మాదిరి వంగి ఉంటాది, లోపలికి పోనిస్తాది, వెనక్కి రానీదు. ఇద్దరూ ఇరుక్కున్నారు. అరిస్తే పిల్లలకు తెలుస్తాది. అందుకని గుసగుసల్లోనే మర్యాదలు మొదలుపెట్టినారు.

"బాగుండారా వదినా?"

"బాగుండాం వదినా. ఈడ నీడ సల్లగా ఉండాదని నిలబడినా."

"అవునవును, మంచి నీడ."

ఎండ నేరుగా ఇద్దరి నెత్తినా పడతాండాది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నా.

మా అత్తను ఎట్లనో బయటికి లాగినా. కుచ్చిళ్ళకు ఉత్తరేణి గింజలు అంటుకోవడం తప్ప ఆమె చీరకు ఏం కాలేదు. పిల్లోని అమ్మ కొంగు మాత్రం నాలుగు పక్కలా పట్టుకొనుండాది. నేను చెయ్యి వేసేసరికి "చెయ్యి తీయ్" అనింది. నిజంగా భయపడినా. "లాగితే పోగు పోతాది. ఈ చీర పోతే మళ్ళా రాదు నాకు." నా నవ్వు ఆన్నే ఆగిపోయింది.

అప్పటికి పిల్లోని నాయన, మా ఆయన దారెమ్మటి వచ్చి చేరినారు. మలుపులో నుంచి పిల్లా పిల్లోడూ కూడా వెనక్కి వస్తాండారు. మా పిల్ల మొగం గంటు పెట్టుకొనుండాది.

"ఏమాయె?" అన్నా.

"అడిగినా. మా అమ్మను అడగాల అంటాండాడు. సరే పద, అడుగుదామని తోలుకొస్తి."

పిల్లోడు తల వంచుకొని బండ మీది బాణాన్నే చూస్తాండాడు. ఆ పక్కకు పోయుంటే బాగుండునని కాబోలు.

మా పిల్ల కంప ముందర మోకాళ్ళ మీద కూర్చునింది. జడలో పిన్ను తీసి, ముల్లును ఒక చేత్తో పట్టుకొని, పైకి లేచిన పోగును పిన్ను కొసతో మెల్లగా లోపలికి నెట్టింది. ఒక ముల్లు వదిలింది. పిల్లోని అమ్మ ఊపిరి పీల్చుకునింది. మా పిల్ల చెయ్యి ఆపింది.

"అమ్మా, ఒక మాట అడగాల."

"ముందు తియ్యి తల్లీ."

"అడిగినాక తీస్తా."

మా ఆయన తల పట్టుకున్నాడు. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

"మీ ఇంటికొస్తే నేను మగ్గంలో కూర్చుంటా. సరేనా, కాదా? కాదన్నా కోపమేం లేదు, చీర జాగ్రత్తగానే తీసిస్తా. మా దోవన మేం పోతాం."

పిల్లోని నాయన గొంతు సవరించుకొని, "మా ఇంట్లో ఆడోళ్ళు..." అని మొదలుపెట్టినాడు.

"నువ్వుండు" అనింది ఆమె. ఆయన ఉండిపోయినాడు.

ఆమె మెడ కూడా తిప్పకుండా, కంపలో నుంచే మాట్లాడింది. "ఈ చీర ఎవరు నేసినారనుకుంటాండావ్? ఈయప్ప నడుము పడిపోయి గుంతలో దిగలేకపోయినాడు. తలుపేసుకొని నేనే నేసినా, ఏండ్లకేండ్లు. పెండ్లాం నేస్తే తింటాండాడని ఊరు ఈయప్పను ఎక్కడ ఎగతాళి చేస్తాదోనని. ఎవురన్నా తలుపు తడితే గుంతలో నుంచి లేసి, రాట్నం కాడ కూర్చొని కండెలు చుడతా ఉండేదాన్ని. షావుకారు వచ్చి చీర చూసి ఈయప్ప చెయ్యి మంచిదనేవాడు. నేను నీళ్ళిచ్చి లోపలికి పోయేదాన్ని. అన్ని చీరల్లో ఇదొక్కటే నాకని నేసుకున్నా."

పిల్లోడు తల ఎత్తలేదు. వానికి తెలుసు. ఇంటి గుట్టు బయట పెట్టకూడదని వాణ్ణి పెంచినారు. అమ్మను అడగాల అని ఎందుకన్నాడో నాకప్పుడు తెలిసింది, వాని మీద అప్పటిదాకా ఉన్న చిరాకు పోయింది.

"నువ్వొస్తే ఆ తలుపు తీసి పెడతా" అనింది ఆమె. "ఇద్దరం నేద్దాం. ఎవురొస్తే వాళ్ళు చూడనీ."

దేనికైనా సామెత ఎత్తుకునే మా అత్త కండ్లు తుడుచుకుంటాండాది. వాళ్ళ నాయన నడుము పట్టుకొని కష్టంగా వంగి, మా పిల్ల చెయ్యి లోపలికి పోయేకి వీలుగా ఒక ముండ్ల కొమ్మను పక్కకు లాగి పట్టుకున్నాడు.

"కదలొద్దత్తా" అనింది మా పిల్ల. "ఇంకా ముండ్లుండాయి."