పసుపు అంటిన గిట్టలు

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

దయ్యమనీ గాలి అనీ ఎవరైనా అంటే నవ్వేదాన్ని నేను. ఈ అరవదేశంలో, తుడియలూరులో మా వీధిన పుట్టిన బిడ్డలకు ఇన్నేళ్ళుగా నీళ్ళు పోసింది నేనే. కాళ్ళు చాపి, బిడ్డను బోర్లా వేసుకొని, నువ్వుల నూనె రాసి, పసుపు పూసి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి చేతికి ఇచ్చేదాన్ని. ఎన్నో పురిటిళ్ళకు ఒంటరిగా పోయి వచ్చాను. ఏనాడూ జడుసుకోలేదు. జడుసుకొనేదాన్నే అయితే ఇది మీకు చెప్పేదాన్నే కాను.

చక్కెర జబ్బుకు రోజూ నడవమని డాక్టరు చెప్పాక, నేనూ నా ఆడబిడ్డ రాజమ్మా తెల్లవారగానే బయలుదేరేవాళ్ళం. పంపులు చేసే వర్క్‌షాపులు దాటితే ఎర్రమట్టి తవ్విన గుంతలు, ఆ తరువాత తుమ్మ పొదలు, వాటి వెనక కొండ. అక్కడ నెమళ్ళు తిరిగేవి. కొన్ని రోజులు ఏనుగు లద్దె దారిలోనే వెచ్చగా ఉండేది. ఒకనాడు గద్ద ఒకటి కుందేలు పిల్లను ఎత్తుకుపోతుంటే తల్లి కింద గిరగిరా పరుగెత్తింది. రాజమ్మ వంగి రాయి తీసేలోపలే గద్ద కొండ దాటింది. ఆ రాయి చేతిలో పట్టుకొనే ఇల్లు చేరింది రాజమ్మ.

ఆ ఏడు వాన లేదు. వాగు పగుళ్ళిచ్చింది. నీళ్ళ కోసం జింకలు గుంతల దాకా దిగి వచ్చేవి.

ఒక ఉదయం గుంత అంచున, ఎండుగడ్డిలో చుక్కల జింక పిల్ల కనబడింది. పుట్టి ఒకటో రెండో రోజులు. ముడుచుకొని పడుకొని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ కదలదు, అరవదు. రెప్పల మీద చీమలు పాకుతున్నాయి.

“తాకొద్దు వదినె. దాని అమ్మ మేతకు పోయుంటాది,” అంది రాజమ్మ.

“అది వచ్చేలోపల కాకులు కండ్లు పొడవవా?”

“బిడ్డ కనబడితే నీ చెయ్యి ఊరకుండదు. మనిషి బిడ్డయితే ఏమి, అడివి బిడ్డయితే ఏమి!”

“నోరు మూసుకొని ఆ చీమలు దులుపు.”

కొంగులో చుట్టి ఇంటికి తెచ్చాను. ఒళ్ళంతా దుమ్మూ చీమలూ. నా చేతులకు తెలిసిన పని ఒకటే. కాళ్ళు చాపి బోర్లా వేసుకొని నూనె రాశాను, పసుపు పూశాను, నీళ్ళు పోశాను, పొగ పట్టాను. అది ఏ బిడ్డా ఉండనంత నెమ్మదిగా ఉండింది. ముక్కుతో నా పిక్కను తడిమి తడిమి పాలు వెతుక్కుంది. దూది ముంచి ఆవు పాలు పెడితే నోరు తెరవలేదు.

నా కోడలు కవిత పీలమేడులో ఆఫీసుకు పోతుంది. ఆ రోజు సెలవు. ఆమే అటవీశాఖకు ఫోను చేసింది. మధ్యాహ్నానికి ఒక గార్డు వచ్చాడు. పిల్ల చెవుల వెనక పసుపు చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, నుదుటి మీద కొట్టుకున్నాడు.

“ఎన్నమ్మా ఇదు? మాన్ కుట్టిక్కు మంజళా?” జింక పిల్లకు పసుపేమిటమ్మా అని.

తరువాత అతను అరవంలో మెల్లగానే చెప్పాడు. తల్లి దాన్ని వదిలి పోలేదు, దాచి పోయింది. వాసనతోనే తన పిల్లను గుర్తు పడుతుంది. ఒట్టి చేతితో తాకి ఉంటే పోనీ అనుకోవచ్చు. నూనె, పసుపు, సాంబ్రాణి మూడూ పట్టించాక, ఇది తన బిడ్డేనని దానికి ఎవరు చెప్పాలి?

తల్లి దీన్ని తిరిగి తీసుకుంటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

గార్డు పిల్లను తడిగుడ్డతో ఎంత తుడిచినా వాసన పోలేదు. తెచ్చిన చోటే దించి, దూరంగా పొద వెనక కూర్చున్నాము. పొద్దు వాలే ముందు తల్లి వచ్చింది. పిల్ల లేచి తూలుతూ ఎదురు పోయింది. తల్లి మెడ చాచి వాసన చూసింది. ఒక్కసారి బుస కొట్టి, ముందరికాలు నేలకు కొట్టి వెనక్కు జరిగింది. పిల్ల మళ్ళీ పోయి పొట్ట కిందికి దూరింది. తల్లి తన్నింది. మూడుసార్లు అట్లాగే అయింది. ఆపైన తల్లి కొంచెం దూరం పోయి, గడ్డివైపు చూస్తూ, తన పిల్లను పిలుస్తూ నిలబడింది. పిల్ల దాని ఎదురుగానే ఉంది.

“ఇంటికి తీసుకుపోతాను సామీ, నేనే సాకుతాను,” అన్నాను గార్డుతో.

కూడదన్నాడు. ఒక రాత్రి వదిలి చూద్దాం, వాసన తగ్గితే తీసుకుంటుందేమో అన్నాడు.

తెల్లవారి పోయి చూస్తే పిల్ల అదే గడ్డిలో చచ్చి పడి ఉంది. చీమలు పట్టాయి. చెవుల వెనక పసుపు అట్లాగే ఉంది. గార్డు అక్కడే గుంత తీసి పూడ్చాడు.

ఇప్పుడు నేను చూసింది ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మర్నాడు పొద్దున వాకిలి చల్లి, తడిపిండితో ముగ్గు వేసి, కాఫీ కలపడానికి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి ముగ్గులో గిట్టల గుర్తులు. నా బొటనవేలి గోరంత, రెండుగా చీలినవి. గేటు నుంచి గడప దాకా వచ్చాయి, తిరిగి పోయినవి లేవు. తెల్లటి పిండిలో గుర్తులు మాత్రం పసుపు పచ్చగా ఉన్నాయి.

గేటుకు గొలుసు వేసే ఉంది. కుక్కల కోసమని కింద వల కూడా కట్టించాము. మా వీధిలో మేకలు పెంచేవారు లేరు. ముగ్గులో నేను పసుపు కలపను.

మూడు రోజులు వరసగా వచ్చాయి. కవిత ఫోనులో ఫోటో తీసింది. గార్డుకు చూపిస్తే, “మాన్ కుట్టిదే. పుట్టి రెండు మూడు నాళ్ళు ఉంటాది. ఎక్కడ తీశారు?” అని అడిగాడు. మా గడప ముందర అన్నాను. అతను ఫోను తిరిగి ఇచ్చేశాడు.

నాలుగో రోజు బాగా వెలుగు వచ్చాక ముగ్గు వేసి తల ఎత్తితే, గేటు బయట తల్లి జింక నిలబడి ఉంది. అన్నేళ్ళలో మా వీధికి జింక రావడం చూడలేదు. పక్కన బకెట్టుతో రాజమ్మ ఉంది, ఆమే సాక్షి. నేను గొలుసు తీసి గేటు తెరిచి పక్కకు తప్పుకున్నాను. ఈసారైనా తీసుకొని పో తల్లీ అని మనసులో చేతులు జోడించాను.

జింక ముగ్గు అంచు దాకా వచ్చింది. అక్కడ ఏమీ లేదు, ఖాళీ నేల. ఆ ఖాళీ వైపు, చిన్న పిల్ల ఎత్తుకు తల దించి మెడ చాచింది. వాసన చూసింది.

ఒక్కసారి బుస కొట్టింది. ముందరికాలు నేలకు కొట్టింది. వెనక్కు జరిగి, తిరిగి చూడకుండా కొండవైపు పోయింది.

మేము కిందికి చూశాము. అప్పుడే వేసిన ముగ్గులో పచ్చటి గుర్తులు గడప నుంచి గేటు దాకా పోయి ఉన్నాయి. గేటు దగ్గర చాలాసేపు తొక్కుకున్నట్టు పిండి చెదిరింది. అక్కడి నుంచి మళ్ళీ గడపకే వచ్చాయి.

రాజమ్మ బకెట్టు దించి, వంగి ఆ గుర్తులు చూసింది. “వదినె, నీ చేతి వాసన ఇంకా పోలేదే,” అంది.

ఆ తరువాత నేను ఏ బిడ్డకూ నీళ్ళు పోయలేదు. శుక్రవారం గడపకు పసుపు రాయడం మానేశాను. వీధిలో ఆడవాళ్ళు ఇంటికి మంచిది కాదంటారు. అననీ. ఆ వాసన ఎప్పటికైనా తగ్గితే చాలు. నడకకు వేరే దారిన పోతున్నాము. ముగ్గులో గుర్తులు మాత్రం ఇంకా అప్పుడప్పుడు పడుతూనే ఉన్నాయి. అవి ఏమిటో, ఎట్లా పడతాయో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ కనబడలేదు.

చాలాసేపు కూర్చోబెట్టాను. ఇక ఇంటికి పోండి, పిల్లలు ఎదురు చూస్తుంటారు. మీ ఇంట ఏ బిడ్డ పరుగెత్తి వచ్చినా, ఒళ్ళు ఎంత మాసి ఉన్నా, ఇది నాదేనని తల్లి దగ్గరికి తీసుకొనేటట్టు ఆ సామి మీ ఇంటిని చల్లగా చూడాలి.