నెయ్యి వడ్డించని పెద్దమ్మ

మొన్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నా కారు పక్కనే ఒక వ్యాను ఆగింది. లోపల పట్టుచీరలు, తలపాగాలు, పొద్దున తొమ్మిదింటికే ముఖాలకు పూసిన రంగు. కృష్ణానగర్ నుంచి షూటింగుకి వెళ్తున్న జూనియర్ ఆర్టిస్టులని చూడగానే తెలిసిపోయింది. తెలియకేం, తొంభైల మొదట్లో ఏడాదిపాటు నా కాలేజీ బస్సు అలాంటి వ్యానే.

అప్పుడు నేను కృష్ణానగర్‌లో బాబాయి గదిలో ఉండి డిగ్రీ చదివేవాణ్ణి. బాబాయి సినిమాలకు బట్టలు కుట్టేవాడు. కాలేజీ మెహదీపట్నంలో. రెండు బస్సులు మారాలి, నా స్టూడెంట్ పాసేమో ఒక్క రూటుకే చెల్లేది. రోజూ ఇంకో బస్సుకి టికెట్టు కొనడమంటే మధ్యాహ్నం టిఫిను మానుకోవడమే. ఆకలి దగ్గర నేనెప్పుడూ త్యాగమూర్తిని కాను. అందుకని బాబాయి జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుతో మాట్లాడి, పొద్దున్నే ఫిలింనగర్ గుట్ట ఎక్కే వ్యానులో నాకింత చోటు ఇప్పించాడు. అక్కడ దిగి, బండల మధ్య కాలిబాటన షేక్‌పేట వైపు నడిస్తే పాసు చెల్లే బస్సు దొరికేది. రాజుగారి పరివారంతో ఒకరోజు, దొంగల ముఠాతో ఒకరోజు, అలా నా చదువు సాగింది.

చివరి పరీక్ష కెమిస్ట్రీ, మధ్యాహ్నం రెండింటికి. ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు మానేసి వచ్చి రైసుమిల్లులో గుమాస్తాగా చేరాలని నాన్న ముందే తేల్చేశారు. లైబ్రరీలో చదువుకుందామని ఆరోజూ పొద్దున్నే వ్యానెక్కాను. ఫిలింనగర్‌లో దిగాక ఏజెంటు మనుషుల్ని లెక్కపెట్టుకుని, ఒకరు తక్కువయ్యారని తల పట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"జర కూసో తమ్మీ, ఒక్క షాటే. ఏడాదిసంది తీస్కపోతున్న, గింత జెయ్యవా?"

కాదనడానికి మొహం చెల్లలేదు. అది పెళ్లి భోజనాల సీను. నాకు పట్టుపంచె, లాల్చీ ఇచ్చి, బుగ్గలకు రంగు, నుదుట బొట్టు పెట్టారు. అనుభవం ఉన్నవాళ్లంతా బంతి చివర, కెమెరాకి వీపు పెట్టి కూర్చున్నారు. నేను మాత్రం ఫ్యాను గాలి చూసుకుని పెళ్లికూతురి తండ్రి పక్కనే చతికిలబడ్డాను. పైగా విస్తట్లో బూరె నిజమైనదేనని తెలిసి తినేశాను కూడా. అసిస్టెంట్ డైరెక్టరు పరుగెత్తుకొచ్చి నాలుగు చీవాట్లు పెట్టి ఇంకో బూరె వేయించాడు. తర్వాతి షాటులోనూ అది అక్కడ ఉండాలట. షాటు అయ్యాక లేవబోతే మళ్లీ అతనే వచ్చాడు.

"ఎక్కడికి బాబూ? నువ్వు ఫ్రేములో పడ్డావు. సీను అయ్యేదాకా ఆ విస్తరి ముందు నువ్వే ఉండాలి."

సీను సాయంత్రానికి గానీ అవదని పక్కాయన చెప్పాడు. పన్నెండు దాటింది. ఏజెంటు నా కంట పడకుండా తిరుగుతున్నాడు. మా వ్యానులో అరవయ్యేళ్ల ఒకావిడ ఉండేది. ప్రతి సినిమా పెళ్లిలోనూ పెద్దమ్మ వేషమే వేసేది కాబట్టి అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. ఆవేళ ఆవిడది నెయ్యి వడ్డించే పని. ఏమైంది నాయనా అని అడిగేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పరీక్ష సంగతి విని, ఆవిడ నెయ్యిగిన్నె చేత్తో పట్టుకునే డైరెక్టరు కుర్చీ దగ్గరికి వెళ్లింది.

"అలిగి భోజనం ముందునుంచి లేచేవాడు ఒక్కడైనా లేకపోతే అదేం పెళ్లి బాబూ? మా గోదావరి వైపు అలాంటి పెళ్లి నేనింతవరకూ చూడలేదు."

డైరెక్టరుగారు ఫక్కున నవ్వి, మరి ఎవరు అలుగుతారని అడిగారు. పెద్దమ్మ నన్ను చూపించింది. అటూ ఇటూ వాళ్లకి నెయ్యి వేసి నన్ను దాటేస్తుంది, నాకు కోపమొచ్చి లేచిపోవాలి. అంతే షాటు. కెమెరా తిరిగేముందు ఆవిడ నా చెవిలో, "నలుగురూ బతిమాలతారు, ఆగకు. గేటు దాటేదాకా వెనక్కి చూడకు" అంది. కళ్లల్లో నీళ్లు ముందే ఉన్నాయి గనక నాకు నటించే శ్రమ లేకపోయింది. విస్తరి తోసి లేచాను. పెళ్లికూతురి తండ్రి గడ్డం పట్టుకుని బతిమాలాడు. విదిలించుకుని, ఫ్రేము దాటి, మూల పెట్టిన సంచీ అందుకుని, గేటు దాటాను. షాటు ఓకే అన్న మాట రోడ్డు మీద వినబడింది.

పంచె ఎగ్గట్టి బండల మీదుగా దిగిన ఆ పరుగు ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. బస్సులో కండక్టరు పాసు మీద ఫొటోనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. బెల్లు కొడుతుండగా హాల్లో అడుగుపెట్టాను. లెక్చరరుగారు నా బొట్టూ బుగ్గలూ చూసి, నీ పెళ్లా అని అడిగారు. కాదండీ, అలిగి వచ్చేశానన్నాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ పేపరు చేతిలో పెట్టారు. అన్నీ వచ్చిన ప్రశ్నలే. ఆ బెంచీ మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్న హాయి, తర్వాత ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు కలగలేదు.

సినిమా విడుదలయ్యాక బాబాయీ, పెద్దమ్మా, నేనూ కలిసి చూడ్డానికి వెళ్లాం. భోజనాల సీనే లేదు. నిడివి ఎక్కువైందని కోసేశారట. బాబాయి చాలా నొచ్చుకున్నాడు. నేను పాసయ్యానని అప్పటికే తెలిసిన పెద్దమ్మ మాత్రం హాలు బయట నిలబడి పకపకా నవ్వింది. సినిమాలోంచి ఆ పూట పోయింది గానీ, నా సంవత్సరం పోలేదు.