ఎస్తేరమ్మ నిలబెట్టిన బండలు

1958లో తాండూరు ఊరిచివర కొత్త హైస్కూలుకు వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చేది ఎస్తేరమ్మ టీచరు. దిగగానే కొంగు దోపుకొని విసవిసా నడిచేది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టించమని రెండేళ్లుగా అర్జీలు రాసి రాసి ఆమెకు విసుగెత్తిపోయింది. తొమ్మిదో తరగతిలో మిగిలిన ఒక్క ఆడపిల్ల మొగులమ్మ కూడా ఆ రోజు బడికి రాలేదు. ఇంటికి వెళితే, "జొన్నచేను కోసిన్రు టీచరమ్మా. ఇగ చాటుకు యాడికి పోతది?" అంది తల్లి చంద్రవ్వ.

బడికి తిరిగొచ్చి అడిగితే, "మంజూరు రావాలమ్మా," అన్నాడు హెడ్మాస్టరు ఎప్పటిలాగే. "అందాక పిల్లలు ఆపుకోవాల్నా సార్?" అని, ఆమె మేస్త్రీని పిలిచి, హెడ్మాస్టరు గదిలో పరచడానికి తెచ్చిన బండలను బడి వెనక మూడు వైపులా నిలువుగా పాతించింది. మర్నాడు మొగులమ్మ వచ్చింది. నాలుగో వైపు తలుపు లేదు. ఎస్తేరమ్మే అక్కడ వీపు తిప్పి నిలబడి, "నిమ్మళంగ కానియ్ బిడ్డా, నేనున్న" అంది.