వదినగారు జల్లించిన పొట్టు

రొయ్యల వేపుడు కనిపిస్తే ఆవురావురుమనేవాళ్ళు నా పురుగుల డబ్బా చూసి ముక్కు మూసుకుంటారు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు. నా డబ్బాలో ఉన్నవి మురిక్కాలవలోంచి ఏరుకొచ్చినవి కావు. శుభ్రమైన గోధుమ పొట్టులో పుట్టి, ఆ పొట్టే తిని, రోజుకో క్యారట్ ముక్క కొరుక్కుంటూ పెరిగిన పురుగులు. వాసన ఉండదు, చప్పుడు ఉండదు, కుట్టవు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మేముండే ఈ అపార్ట్‌మెంట్‌లో కొందరు మనుషులకంటే చాలా నయం.

వాటిని పెంచేది పిట్టల కోసం. బళ్ళో లెక్కలు చెప్పి చెప్పి రిటైరయ్యాక ఒక జత ఫించ్ పిట్టలు తెచ్చుకున్నాను. పిచ్చుకలో సగం ఉంటాయి. ఎర్రటి మొహం, ఒళ్ళంతా తెల్లటి చుక్కలు. బాల్కనీలో పెద్ద పంజరం, అందులో కొబ్బరిపీచు గూడు. రెండుసార్లు గుడ్లు పెట్టి పొదిగాయి. రెండుసార్లూ పిల్లలు బయటికొచ్చిన నాలుగైదు రోజులకే తల్లి వాటిని ఒక్కొక్కటిగా గూట్లోంచి కింద పడేసింది. పొద్దున్నే చీపురు పట్టుకుని వెళ్తే పంజరం అడుగున కనిపించేవి. ఆ రెండుసార్లూ నాకు అన్నం సయించలేదు. పిట్టని కూడా నోటికొచ్చినట్టు తిట్టాను, నువ్వు తల్లివేనా అని.

తప్పు దానిది కాదని అబిడ్స్‌లో పిట్టల గింజలమ్మే పెద్దాయన చెప్పాడు. గింజలు పెద్దవాటికి సరిపోతాయట గానీ పిల్లలకి మొదటి రెండు వారాలు పురుగు కావాలట. పురుగు దొరకని చోట పిల్లల్ని పెంచలేనని తల్లికి తెలిసిపోతుందట, అందుకని వదిలించుకుంటుందట. ఆయనే గుప్పెడు మీల్‌వర్మ్ పురుగులు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో గోధుమ పొట్టు పోసి మొదలుపెట్టాను. పురుగులు ముడుచుకుని నిద్రపోవాలి, ఆ నిద్రలోంచి నల్ల పెంకు పురుగులై లేవాలి, అవి గుడ్లు పెట్టాలి, ఆ గుడ్లలోంచి వెంట్రుకంత సన్నని పిల్లలు రావాలి. మూడు నెలలు పట్టింది. అప్పుడే కుబుసం విడిచిన పురుగు తెల్లగా, మెత్తగా ఉంటుంది, పిట్టపిల్ల గొంతులో దిగుతుంది. వాటిని ఏరి పెట్టడానికి నాకో చిన్న పట్టకారు కూడా ఉంది.

ఈసారి నాలుగు పిల్లలు. మొదటి రోజు నుంచీ పూటకి పదిహేను తెల్ల పురుగులు గిన్నెలో పెట్టేదాన్ని. తల్లీ తండ్రీ పోటీపడి గూట్లోకి మోసేవి. నాలుగో రోజు దాటింది, ఎవరూ కింద పడలేదు. ఆ సాయంత్రమే మావారి అక్కగారు సూట్‌కేసుతో దిగారు. హిమాయత్‌నగర్‌లో ఆవిడ ఫ్లాట్‌లో బాత్‌రూమ్ టైల్స్ పగలగొడుతున్నారట, వారం రోజులు మా ఇంట్లోనే ఉంటారట.

ఈ వదినగారి గురించి ఒక సంగతి చెప్పాలి. నా పెళ్ళయిన మొదటి వానాకాలం ఆవిడ మా వంటింట్లోకి వచ్చి రవ్వ డబ్బా మూత తీసింది. అందులో రెండు పురుగులున్నాయి. సరిగ్గా రెండు. అక్కడ నన్నేమీ అనలేదు. పది రోజుల తరవాత ఒక గృహప్రవేశంలో, పంక్తిలో ఉప్మా వడ్డిస్తుండగా, మా తమ్ముడి భార్య రవ్వ అయితే పురుగులతో సహా వండేస్తుందమ్మా అని నవ్వుతూ చెప్పింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా చుట్టాలందరూ ఆ పంక్తిలోనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపు ఇళ్ళలో పిండిలో పురుగు కనపడితే అది పిండి తప్పు కాదు, ఇల్లాలి తప్పు. ఆ రోజు నుంచి ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రతి శనివారం రవ్వా పిండీ జల్లించి, ఎండబెట్టి, వేపాకు వేసి దాచాను. బళ్ళో పరీక్ష పేపర్లు కుప్పలు పడి ఉన్నా సరే జల్లెడ మానలేదు.

అలాంటి మనిషికి నా వంటింటి పక్క సామాన్ల గదిలో వేల పురుగులు కాపురం చేస్తున్నాయని ఎలా చెప్పను? డబ్బాల మీద పాత చీర కప్పాను. అయినా ఆవిడ కళ్ళు ఊరుకోవు కదా, ఏమిటే అవి అని అడిగింది. గోధుమ పొట్టు వదినగారూ అన్నాను. అక్కడితో ఆగాల్సింది. నోరు ఊరుకుందా? మీ తమ్ముడికి షుగర్ కదా, చపాతీ పిండిలో కలుపుతున్నాను అని కూడా అన్నాను. ఆ ముక్కే కొంప ముంచింది.

మర్నాడు పెన్షన్ పని మీద అబిడ్స్ వెళ్ళాల్సి వచ్చింది. పొద్దుటి పూటకి పురుగులు పెట్టేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఒంటిగంటన్నర. తలుపు తీయగానే వేపాకు వాసన. సామాన్ల గదిలో నా మూడు డబ్బాలూ తోమి బోర్లించి ఉన్నాయి. పక్కన తళతళలాడే స్టీలు డబ్బాలో శుభ్రమైన పొట్టు, పైన వేపాకూ నాలుగు ఎండుమిరపకాయలూ.

వదినగారు చెప్పింది వింటూ నిలబడ్డాను. నేను గడప దాటగానే చీర తీసి చూసిందట. చూసి గుండె జారిపోయిందట. తమ్ముడు తినే పొట్టు కదా. మూడు డబ్బాలూ మేడ మీదికి మోసి, ఎండలో దుప్పటి మీద పరిచి, చేటతో చెరిగి, రెండుసార్లు జల్లించి, వేరుపడిన పురుగుల మీద మరిగే నీళ్ళు పోసి కాలవలోకి తోసేసిందట. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మూడుసార్లు మెట్లెక్కి దిగిందట. చివర్లో గొంతు తగ్గించి అంది.

"ఎవరికీ చెప్పనులే. ఈసారి నా కడుపులోనే పెట్టుకుంటాను."

ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట పెట్టుకోవాల్సిన చోట ఇప్పుడు పెట్టుకుంటుందట. మావారేం చేస్తున్నారని చూస్తే హాల్లో పేపరు వెనక ఉన్నారు. ఆ పొట్టు కలిపి అక్కగారు చపాతీలు చేసి పెడితే రెండు తిన్నారట. అది పురుగులున్న పొట్టని తెలిసి కూడా తిన్నారు. ఆవిడ ముందు నోరు విప్పడం ఆయన పుట్టాక నేర్చుకోలేదు. ఆ నిర్వాకానికి ఆయన్ని కూడా నాలుగు దులిపాను.

తరవాత ఆవిడకి అసలు సంగతి చెప్పాను. పిట్టపిల్లలకి అవే తిండి అని, లేకపోతే తల్లి తోసేస్తుందని. ఆవిడ నమ్మలేదు. కన్న తల్లి పిల్లల్ని పారేస్తుందా, నీ పిచ్చి గానీ, అని కొట్టిపారేసింది. కోడిగుడ్డు ఉడికించి మెదిపి పెట్టాను. పిట్టలు అటు చూడనైనా చూడలేదు. అబిడ్స్ పెద్దాయనకి ఫోన్ చేస్తే సరుకు అయిపోయింది, నాలుగు రోజులు ఆగమన్నాడు. ఆకలికి నాలుగు రోజులు ఆగమని నేనెవరికి చెప్పను?

ఇక మిగిలింది కింద కిరాణా కొట్టు. మూడు తరాల నుంచి అక్కడే ఉన్న పాత హైదరాబాదీ కుటుంబం. వదినగారు కూడా చెప్పులేసుకుని నా వెనకే దిగింది. పురుగు పట్టిన రవ్వ ఏమైనా ఉంటే ఇవ్వన్నా అని అడిగాను. కొట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. కొట్టాయన మొహం మాడ్చుకున్నాడు. ఆయనకి కోపం రావడంలో తప్పు లేదు. నాలుగేళ్ళ కిందట ఒక్క పురుగు కనపడిందని ఆ పొట్లం ఆయన త్రాసులోనే కుమ్మరించి, వీధి వీధంతా వినేలా కేకలేసింది నేనే.

"ఏంది మేడమ్ గిట్లంటరు? ఆ దినం మీరు లొల్లి జేసినకాడికెళ్లి నెలకోపారి మందు గొట్టిస్తున్న. గిప్పుడు నా దుకాన్ల చీమ గుడ బతుకది."

నా నోటి పుణ్యమే. తిరిగి మెట్లెక్కాను. సాయంత్రం దాకా తల్లి పిట్ట ఖాళీ గిన్నె అంచు మీద వాలడం, ముక్కుతో అడుగు గీకడం, మళ్ళీ ఎగిరిపోవడం. గూట్లోంచి పిల్లల కూత వినపడుతూనే ఉంది. గింజలు తీసుకెళ్ళింది, ఒకటి రెండుసార్లు. తరవాత అదీ మానేసింది.

తెల్లవారి చూస్తే పంజరం అడుగున ఒకటి పడి ఉంది. చిక్కుడు గింజంత ఒళ్ళు, ఇంకా తెరవని కళ్ళు. ఖాళీ పొట్ట చర్మంలోంచి కనపడుతోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. వదినగారు కాఫీ తాగుతోంది. చెయ్యి ఆవిడ మొహం ముందు పెట్టాను.

"ఇది మీరు జల్లించినదే," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను. కానీ సగమే నిజం. మిగతా సగం నా అబద్ధం చేసింది. అవి పురుగులే వదినగారూ, నేనే పెంచుతున్నాను అని మొదటి రోజే అని ఉంటే ఆవిడ ముక్కున వేలేసుకునేది, అంతే. నాకు పరువు పోతుందని భయం. అరవయ్యేళ్ళొచ్చి, సగం జీవితం పిల్లలకి పాఠాలు చెప్పి, ఒక రవ్వ డబ్బాకి భయపడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. నా అరచేతిలోని పిల్లని చూసింది. గదిలోకి వెళ్ళి చీర మార్చుకుని, సంచీ పట్టుకుని దిగిపోయింది. కోపమొచ్చి వెళ్ళిపోయిందనుకున్నాను. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను. మావారు బాల్కనీలోంచి చూసి, ఆటో ఎక్కింది అన్నారు బిక్కమొహం వేసుకుని.

గంటన్నరకి తిరిగొచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలోనే కూర్చుంది. సంచీలోంచి తువ్వాలు చుట్టిన పెద్ద స్టీలు డబ్బా తీసి, మావారు లోపలికి వెళ్ళేదాకా ఆగి, నా వైపు జరిపింది. మూత తీశాను. బొంబాయి రవ్వ. బూజు పట్టినట్టు దారాలల్లుకుని ఉండలు ఉండలుగా ఉంది. ఒక ఉండ విడదీస్తే సన్నటి తెల్ల పురుగులు లుకలుకలాడాయి. నేను మూడు నెలలు పెంచినా అన్ని ఒక్కచోట చూడలేదు.

కోపం తెచ్చుకునే తీరిక లేదు. పట్టకారుతో ఏరి గిన్నెలో వేసి పంజరంలో పెట్టాను. ఇద్దరం తలుపు చాటున నిలబడ్డాం. తల్లి పిట్ట వాలింది, ఒకదాన్ని పొడిచి చూసింది, మింగింది. మళ్ళీ రెండు ముక్కున కరుచుకుని గూట్లోకి దూరింది. లోపల ఒక్కసారిగా కూతలు. వదినగారు నా మోచెయ్యి పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో గానీ గాజులు నా చేతికి ఒత్తుకుపోయాయి. మిగిలిన మూడు పిల్లలూ బతికాయి. అప్పుడది తెలియదు కదా.

కాస్త స్థిమితపడ్డాక అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి ఇవి మీ రవ్వలో?"

ఆవిడ నా మొహం చూడలేదు. పిట్టనే చూస్తోంది.

"ఎప్పుడూ ఉంటాయే. ఏ ఇంట్లో ఉండవు?"

ముప్ఫై ఒక్క సంవత్సరాలు. శనివారాలు లెక్క కట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను, లెక్కల టీచర్నయి ఉండీ. పచ్చి బాలింతగా ఉండి జల్లించాను. జ్వరంలో జల్లించాను. మా అమ్మ పోయిన పన్నెండో రోజు ఊరి నుంచి తిరిగొచ్చి, పెట్టె దించి, జల్లించాను. ఈవిడ కోసం. ఈవిడేమో ఉండలు కట్టిన రవ్వ పక్కన పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

ఆ మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. గూట్లో కూతలు ఆగలేదు, గిన్నె అప్పటికే ఖాళీ. పట్టకారు ఆవిడ చేతిలో పెట్టి, ఏరండి అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని ఏరడం మొదలుపెట్టింది. వారం అయ్యాక వెళ్ళిపోయింది. ఆ డబ్బా నేను తిరిగి ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు.