పిడికెడు బియ్యం

మా బాల్కనీలో పావురాలు బియ్యపు గింజలు ఏరుకుంటుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైలలో మేం బహ్రెయిన్‌లోని జిదాఫ్స్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడుండే జపాన్‌వాళ్లకు సువార్త చెప్పడానికి వచ్చిన జపాన్ పాస్టరుగారి కుటుంబానికి మా తెలుగు ప్రార్థన కూటం ఆసరాగా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ వాళ్లకోసం ఒక పిడికెడు నా చేత్తోనే పాలపొడి డబ్బాలో వేయించేది. అది నా వంతులోదేననుకుని నేను మారు అన్నం వద్దనేదాన్ని. అమ్మ మెచ్చుకునేది. వాళ్ల పాప నా అన్నమే తింటోందని మురిసిపోయేదాన్ని.

ఒక శుక్రవారం డబ్బా ఇవ్వడానికి అమ్మతో వెళ్లాను. పాస్టరమ్మగారు రెండు చేతులా అందుకుని, నడుం వంచి వందనం చేసింది. వంటింట్లో ముద్దలా అంటుకునే వేరే అన్నం ఉడుకుతోంది. పాపతో మేడెక్కాను. ఆ పిల్ల పోయినవారం మేమిచ్చిన డబ్బాలోంచి బియ్యం తీసి పావురాలకు చల్లింది.

దారిలో ఏడుస్తూ చెప్పాను. అమ్మ నడక ఆపలేదు.

"మన బియ్యం వాళ్లకు సయించయి బిడ్డా. నాకెరుకే."

"మరెందుకిస్తున్నవ్?"

"దేవుని కోసం తీసినయి, ఇంట్ల ఉంచుకుంటమా?"

మేం నొచ్చుకుంటామని పాస్టరమ్మగారు వద్దనలేదు. దేవుడి పేరున తీసింది గనుక అమ్మ మానలేదు. ఇద్దరి మర్యాదా ఇప్పుడు నాకు అర్థమవుతుంది. ఆకలి దాచుకుని పళ్లెం ముందు నుంచి లేచే నాకు మాత్రం, ఆ బియ్యం వాళ్లు తినరని ఇద్దరిలో ఒక్కరూ అంతవరకూ చెప్పలేదు.