దోవ లేని ఇంటికి పిల్లనియ్యం

ఆ రోజుల్లో నాకు ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు, లోపలే నీళ్ళ కొళాయి. అంతకు మించి ఆలోచించేంత బుర్ర లేదు (ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు ఈ మాటే ఇంకొంచెం గట్టిగా చెప్పి నన్ను బడి నుంచి సాగనంపినాడు). గడప ముందర నడిచే మనుషులను చూసి ఇల్లెంచుకునే వాళ్ళు ఈ భూమ్మీద ఉంటారని, అట్లాంటి వాళ్ళ చేతికి చిక్కినాక గాని నాకు తెలియలేదు.

గుత్తిలో హైవే పక్కన పంచర్ల అంగట్లో పని నాది. ఊరి బయట కొత్తగా పడిన లేఅవుట్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాను. చుట్టూ రాళ్ళు పాతిన ఖాళీ ప్లాట్లు, మధ్యలో నా ఇల్లొక్కటే, తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లోని మాదిరి. అయితేనేం, లోపల టైల్సు! ఇంట్లోనే బాత్రూం! గడప దాటితే తారు రోడ్డు! ఆ టైల్సు మీద ధీమాతోనే నాయనను వెంటబెట్టుకొని పెళ్ళిచూపులకు పోయినాను. ముదిగుబ్బ పక్కన పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. పిల్ల తల వంచుకొని కూర్చుంటుందనుకుంటే, నన్ను పైనుంచి కిందికి చూసుకుంటా వచ్చి నా చెప్పుల కాడ ఆగింది.

"అరగనే లేదే ఈ చెప్పులు. నడవవా నువ్వు?" అనింది.

"బండుండాది," అన్నాను గర్వంగా.

"మీ ఇంటికాడ దోవుండాదా?"

"దోవేంది, నలభై అడుగుల తారు రోడ్డే ఉండాది!"

పిల్లా, పిల్ల మేనత్తా మొగాలు చూసుకున్నారు. మేనత్త వక్క నములుతా తీర్పు చెప్పేసింది. "రోడ్డు బండ్లకప్పా. మనుషులు నడిచే దోవ అడుగుతాంది పిల్ల. పొద్దున లేస్తే గడప ముందర నాలుగు మొగాలు పోతాండాల, 'ఏం జేస్తాండావుమ్మే' అని అడగాల. లేకుంటే ఆడపిల్ల గోడలతో మాట్లాడుకోవాల. దోవ లేని ఇంటికి మేం పిల్లనియ్యం. ఆదివారమొచ్చి చూసుకుంటాం."

పెళ్ళికి ముందు పిల్ల తరఫు వాళ్ళు వచ్చి ఇల్లు చూసుకునేది అందరిండ్లలో ఉండేదే. బీరువా చూస్తారు, నీళ్ళ వసతి చూస్తారు. దోవ చూసేవాళ్ళను నేను అదే మొదలు చూసింది. నవ్వుకొని వదిలేయాల్సిన సంబంధమే. కానీ ఆ పిల్ల నా చెప్పులను చూసిన చూపుందే, అది బస్సులో నా పక్కనే కూర్చొని గుత్తి దాకా వచ్చింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలనుకున్నాను.

"దోవ లేకుంటే ఏసుకుందాం లేప్పా, అదేమన్నా రైలు పట్టానా?" అన్నాడు సైలెన్సర్. (నాతోపాటు అంగట్లో పని చేసేవాడు. నోటికి ఆ భాగం బిగించడం దేవుడు మరిచిపోయినాడు కాబట్టి మేం పేరన్నా పెట్టినాం.) ఊరికీ నా ఇంటికీ మధ్య ఉండేది కంపచెట్ల బీడు. అందులో జనం రోజూ నడిస్తే అదే దోవ అవుతుందని వాడి లెక్క. జనం నడవాలంటే ఆశ చూపాల. మర్నాటి నుంచి పొద్దున్నే నా ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. షరతు ఒకటే, బీడులోనుంచి నడిచి రావాల. సోడాబండి ఆయన, క్షవరాల షాపాయన, లారీ క్లీనర్లు, వాళ్ళ వెనక పేర్లు తెలియనోళ్ళు బిలబిలా వచ్చినారు. మా నేల సంగతి మీకు తెలుసు గదా, వానను మరిచిపోతుంది గాని అడుగును మరిచిపోదు. శనివారానికల్లా కంపచెట్ల మధ్యన పాపిడి తీసినట్ల తెల్లగా దోవ పడింది. దాన్ని చూసి నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి (సగం బజ్జీల పొగకు).

ఆదివారం పిల్ల, మేనత్త, పిల్ల నాయన బస్సు దిగినారు. ముందర నేను పెళ్ళికొడుకు నడక నడుస్తాంటే, వెనకాల సైలెన్సర్ వాళ్ళ సంచి మోస్తా వస్తాండాడు. సగం దూరం పోయినాక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మేనత్త నడుము వంచి నేలను చూస్తాంది. గొర్రె తప్పిపోతే అడుగు పట్టుకొని వెతికే ఇల్లు గదా వాళ్ళది.

"ఏమ్మే, ఇట్ల రా," అని పిల్లను పిలిచింది. "అన్నీ పోయిన అడుగులే. తిరిగొచ్చింది ఒక్కటన్నా ఉండాదా చూడు!"

తిన్నోళ్ళంతా పొట్టలు బరువెక్కి, మా ఇంటి ముందర తారు రోడ్డు మీద ఆటోలెక్కి ఊర్లోకి పోయేవాళ్ళని నాకు అప్పుడు తట్టింది.

"ఏం పిల్లోడా," మేనత్త నడుమున చేతులు పెట్టుకుంది, "ఇంతమంది నీ ఇంటికి పోయినారు, ఒక్కడూ వెనక్కి రాల్యా. ఏం జేసినావప్పా వాళ్ళను?"

నేను నోరు తెరిచేలోపల సైలెన్సర్ అందుకున్నాడు. "ఏం జేయలేదక్కా! బజ్జీలు తిని ఆటోల్లో పోయినారు. దోవ మేమే తొక్కిస్తిమి గదా, మీకోసరం!"

పిల్ల నాయన సంచి లాక్కొని "పోదాం పాండి" అన్నాడు. పిల్ల మాత్రం నవ్వాపుకోలేక కింద కూర్చుండిపోయింది. కండ్లు తుడుచుకొని, "ఉండు నాయనా. నాకోసరం ఊరినంతా నడిపించినాడు, తాను నడుస్తాడో లేదో చూద్దాం," అని ఎదురుగా కనబడే గుత్తి కోట కొండ దిక్కు బయల్దేరింది.

కొండ అడుగున ఒక పాత కాలిబాట ఉంది. ఎన్నేండ్లుగా గుత్తిలో ఉన్నా నేను ఆ పక్కకు పోయిందే లేదు (బండి పోదు కాబట్టి). బండల సందున నీడలోనే ఒంపులు తిరుగుతుంది, ఎండ ఎంత కాసినా కాళ్ళు కాలవు. కట్టెల మోపులు, మేకలు, నమాజుకు పోయే ముసలాయన, పుస్తకాల సంచులతో ట్యూషన్‌కు పోయే ఆడపిల్లలు, అందరూ ఎదురైనవాళ్ళను పలకరించే పోతాండారు. బాటను ఆనుకొని చిన్న చిన్న ఇండ్లు, అన్నిటి మొగాలూ బాటకే. ఎవరో గీత గీసి కట్టించినవి కావు, నడక చూసి వచ్చి చేరినవి. మోపు దించుకుంటాండే ఒకామెను పిల్ల అడిగింది.

"అక్కా, ఈడ ఇల్లేమన్నా ఖాళీ ఉండాదా?"

"ఈ దోవలో ఎవరు ఖాళీ చేస్తారుమ్మే? ఆ కొసన బండల కప్పుదొకటుండాది. కారుతాదది."

"కారేకి వానేదిలే," అనింది మేనత్త.

అప్పటికి నా మడమలు బొబ్బలెక్కి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని కుంటుతాండాను. పిల్ల అది చూసి నాయన దిక్కు తిరిగి, ఈసారి నిజంగానే తల వంచుకొని, "ఈడైతే ఉంటాను," అనింది. టైల్సుకు నేను ఆ క్షణమే దండం పెట్టేసినాను.

ఇప్పుడు ఆ లేఅవుట్ నిండా మేడలు. ఆ మేడల్లోవాళ్ళు పొద్దున్నే కార్లేసుకొని వచ్చి బాట కొసన మా గోడకాడ ఆపి, మా బాటలో నడుస్తారు. పోతా పోతా "ఈ పక్కన ఇల్లేమైనా దొరుకుతుందా?" అని మా ఆమెనే అడుగుతారు. ఎవరింట్లో పాప పుట్టింది, ఎవరికి ఒళ్ళు బాగలేదు, అన్నీ ఆమెకు తెలుసు. ఈ బాటలో నడిచే సగంమంది ఆమెతో రెండు మాటల కోసరమే ఇటు మళ్ళుతారని నా అనుమానం. నా మోకాళ్ళు ఈ మధ్య మొండికేసినాయి. ఆమె నడకకు పోతే నేను గడపలో కూర్చుంటాను. "ఏమన్నా, బాగుండావా?" అని అడిగినవాళ్ళు నేను బదులు చెప్పేలోపల మలుపు తిరిగిపోతారు. చెప్పాల్సిన బదులన్నీ మూటగట్టుకొని, ఇంకా రాలేదేందబ్బా అని కొండ దిక్కు మెడ సాచే ఈ నెరిసిన తలకాయను చూసి బడికి పోయే పిల్లలు నవ్వుతారు. నేనూ వాళ్ళతోపాటే నవ్వి, మళ్ళీ ఆ మలుపు దిక్కే చూస్తాను.