సారు తీసుకెళ్లని క్యాను నీళ్లు

పక్కింటి సైంటిస్టు సారు పోయాడని ఆదివారం పొద్దున తెలిసింది. దసరా నుంచి జబ్బట. శామీర్‌పేటలో మా గల్లీ అంతటికీ తెలుసు, పాలు పోసే ఆమెతో సహా. నాకొక్కడికే తెలియదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

సారు పని నీళ్లలో రేకు ముంచి కరెంటు పంపడం. రేకు ఒంటి మీద బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లోని గాలితో పొగ లేకుండా బండ్లు నడపొచ్చట. ఐదో తరగతి దాటని నాకు అర్థమైంది అంతే.

మేడ్చల్ వైపు ఉన్న ల్యాబులో శుద్ధమైన నీళ్లు ఉండగా, ప్రతి ఆదివారం క్యాను పట్టుకొని మా బోరు దగ్గరికి వచ్చేవాడు. మా నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా సున్నం పేరుకుంటుంది. సారు రేకుకూ అలాగే పట్టి, బుడగలు ఆగిపోయేవి.

“ఏం సారూ, గింత సదువు సదివి నీళ్ల దొంగతనమా?” అనేవాణ్ణి.

“మీ బోరు నీళ్లల్ల నిలిచిన రేకు యాడనైనా నిలుస్తది తాతా.”

“రేకు లోపలేమున్నదో సూడవా?”

“లోపలిది ఇడిసిపెట్టు. రేకు, నీళ్లు తాకేకాడనే అంతా నడుస్తది.”

ఆ రేకును ముట్టనిచ్చేవాడు కాదు. వేలి జిడ్డు అంటినా పని చెడుతుందట. పట్టకారుతో పట్టుకొని, పెళ్లికూతుర్ని చూపించినట్టు దూరం నుంచే చూపేవాడు. సున్నం పట్టని రేకు తయారైన రోజు మా అరుగు మీదే బుడగలు లేపుతానని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకొని కూర్చున్నాను.

తర్వాత రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, “ల్యాబుల మస్తు పనున్నది తాతా, వచ్చే ఆదివారం పక్కా” అన్నాడు.

“ఇంకో బోరు దొరికిందా ఏంది?” అన్నాను. పకపకా నవ్వాడు. ఆ నవ్వు దవాఖానా మంచం మీదిదని ఇప్పుడు తెలిసింది.

పదకొండో రోజున వాళ్ల ఆవిడను నిలదీశాను. “నాకెందుకు చెప్పలేదు బిడ్డా?”

“ఆయనే వద్దన్నడు తాతా. జబ్బని తెల్వంగనే అందరు మెల్లగ మాట్లాడుడు షురూ జేసిన్రు. తాతకు తెలిస్తే ఇగ నన్ను ఆటపట్టియ్యడు అన్నడు.”

“మరి రేకు?”

“ఇంకా సున్నం పడుతనే ఉన్నదట.”

ఎంత మంచి కారణమున్నా మోసం మోసమే సారూ. నువ్వు పైపైన నవ్వావు, నేనూ పైపైనే చూశాను.

సారు పక్కా అన్న ఆ ఆదివారానికని నేను నింపిన క్యాను అరుగు మీదే ఉంది. ఒంపెయ్యమని కోడలు గొణుగుతోంది. ఎండ పడి క్యాను లోపలి గోడకు సన్నటి బుడగలు అంటుకున్నాయి. ఒకటీ అరా విడిపోయి పైకి వస్తున్నాయి. వేలు పెట్టకుండా చూస్తున్నాను.